రెక్కీ జాడలు లాగ్‌లోనే: సర్వర్లపై దాడిని ముందే పసిగట్టేది ఎలా?

తాళం వేసిన ఇంట్లో దొంగతనం జరిగిన ప్రతిసారీ వార్తల్లో తప్పకుండా కనిపించే మాట ‘రెక్కీ’. దొంగలు పాత సామాన్లు కొంటామనో, అద్దె ఇల్లు వెతుకుతున్నామనో పగటిపూట వీధిలో తిరుగుతారు. ఏ ఇంటికి తాళం ఉంది, కెమెరా ఎటు చూస్తోంది, వెనుక గోడ ఎంత ఎత్తు, కాపలా మనిషి ఎప్పుడు టీకి వెళ్తాడు వంటివన్నీ గమనించుకుంటారు. దొంగతనానికి అరగంట చాలు. రెక్కీకి మాత్రం రోజులు పడుతుంది.

కంప్యూటర్ నేరాల్లోనూ వరస ఇదే. ఒక ఉదయం ఉద్యోగులు వచ్చేసరికి ఫైళ్లన్నీ తాళం పడి, తెరపై డబ్బు డిమాండ్ కనిపిస్తుంది. దాడి ఆ రాత్రే జరిగిందని అందరూ అనుకుంటారు. నిజానికి దాడి చేసినవారు చాలాసార్లు రోజుల ముందే, కొన్నిసార్లు వారాల ముందే లోపలికి వచ్చి ఉంటారు. ఏ యంత్రంలో ఏముంది, బ్యాకప్ ఎక్కడుంది, తాళాలు ఎవరి దగ్గరున్నాయి అని తిరిగి చూసుకుని ఉంటారు. వీధిలో తిరిగినవాడి అడుగులు గాలికి చెరిగిపోతాయి కానీ, సర్వర్‌లో తిరిగినవాడి అడుగుల్లో చాలా వాటిని సర్వర్ తన లాగ్‌లో రాసుకుంటుంది. ఆ రాతను ఎవరైనా సమయానికి చదువుతున్నారా అన్నదే అసలు ప్రశ్న.

ఒకే భవనం, వందల దుకాణాలు

సూరత్ రింగ్ రోడ్డులోని బట్టల మార్కెట్లను చూసినవారికి వర్చువలైజేషన్ తేలిగ్గా అర్థమవుతుంది. ఒకే భవనంలో వందల దుకాణాలుంటాయి. ప్రతి దుకాణానికీ సొంత షట్టర్, సొంత తాళం, సొంత లెక్కల పుస్తకం ఉంటాయి. పక్క దుకాణంలో ఏం జరుగుతోందో ఇవతలివారికి తెలియదు. కానీ భవనం గేటు, కరెంటు మెయిన్ స్విచ్, మెట్లు, కాపలా మాత్రం అందరికీ ఉమ్మడి.

వర్చువల్ సర్వర్ కూడా అలాంటిదే. శక్తిమంతమైన ఒక అసలు కంప్యూటర్‌పై ‘హైపర్‌వైజర్’ అనే సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. అది ఆ కంప్యూటర్ మెమరీని, ప్రాసెసర్‌ను, డిస్కును వాటాలుగా పంచి, పదులకొద్దీ ‘వర్చువల్ మెషీన్ల’ను నడుపుతుంది. ఒకదానిలో బిల్లుల సాఫ్ట్‌వేర్, ఇంకోదానిలో జీతాల లెక్కలు, మరోదానిలో ఈమెయిల్ ఉంటాయి. ప్రతిదీ తాను విడి కంప్యూటర్‌నే అనుకుంటుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఐబీఎం సంస్థ 1960లలోనే దీన్ని పెద్ద కంప్యూటర్లపై ప్రయోగించి, 1972లో వీఎం/370 పేరుతో వాడకానికి తెచ్చింది. 1998లో మొదలైన వీఎంవేర్ సంస్థ 2001లో మామూలు సర్వర్ల కోసం ఈఎస్‌ఎక్స్ సర్వర్‌ను విడుదల చేసింది. దాని వారసుడైన ఈఎస్‌ఎక్స్ఐ నేడు ఆసుపత్రులు, బ్యాంకులు, కర్మాగారాలు, ప్రభుత్వ కార్యాలయాలలో విస్తృతంగా వాడకంలో ఉంది.

సూరత్‌లాంటి నగరంలో దీని ప్రాధాన్యం ఇంకా ఎక్కువ. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో అత్యధిక భాగం ఇక్కడివే. పవర్‌లూమ్‌లు, డైయింగ్ మిల్లులు లక్షలాది మందికి పని ఇస్తున్నాయి. తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందట వలస వెళ్లిన పద్మశాలి నేత కుటుంబాలు ఇక్కడ పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉందంటే వారి సంఖ్యను ఊహించవచ్చు. ఒక మధ్యతరహా మిల్లులో ఆర్డర్లు, జీఎస్టీ బిల్లులు, హాజరు, కూలీ లెక్కలు అన్నీ ఒకటి రెండు సర్వర్లపైనే నడుస్తుంటే, ఆ సర్వర్ ఆగిన వారం కూలీ కూడా ఆగుతుంది.

భవనం తాళంచెవికే గురి

వంద దుకాణాలు దోచాలంటే వంద తాళాలు పగలగొట్టాలి. భవనం మాస్టర్ తాళంచెవి దొరికితే ఆ శ్రమ ఉండదు. రాన్‌సమ్‌వేర్ ముఠాలు హైపర్‌వైజర్‌ను వెతుక్కుంటూ రావడానికి కారణం ఇదే. ప్రతి వర్చువల్ మెషీన్ డిస్కూ హైపర్‌వైజర్ దృష్టిలో ఒక పెద్ద ఫైలు మాత్రమే. ఆ ఫైళ్లను గుప్తలిపిలోకి మారిస్తే లోపలి యంత్రాలన్నీ ఒకేసారి మూగబోతాయి. ఒక్కో యంత్రంలో ఉన్న యాంటీవైరస్ దీన్ని ఆపలేదు. దుకాణం లోపల కెమెరా పెట్టుకున్నా, భవనానికే నిప్పు పెట్టేవాడు అందులో కనబడడు కదా. హైపర్‌వైజర్‌పై సాధారణ యాంటీవైరస్ సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించే వీలు కూడా మామూలుగా ఉండదు. అందుకే అక్కడ లాగ్‌ల పాత్ర మరింత పెద్దది.

2023 ఫిబ్రవరి 3న ఫ్రాన్స్ సైబర్ భద్రతా బృందం ఒక హెచ్చరిక జారీ చేసింది. ‘ఈఎస్‌ఎక్స్ఐ ఆర్గ్స్’ అనే రాన్‌సమ్‌వేర్ ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉన్న ఈఎస్‌ఎక్స్ఐ సర్వర్లను వరసబెట్టి తాళం వేస్తోందన్నది దాని సారాంశం. ప్రపంచవ్యాప్తంగా 3,800కు పైగా సర్వర్లు దెబ్బతిన్నాయని అమెరికా సైబర్ భద్రతా సంస్థ తెలిపింది. ఆ దాడిలో వాడినట్టు భావించిన లోపానికి మరమ్మతు 2021 ఫిబ్రవరిలోనే, అంటే దాదాపు రెండేళ్ల ముందే వచ్చింది.

ఉమ్మడి వ్యవస్థ ఒక్కటి దెబ్బతింటే ఎందరికి తగులుతుందో గుజరాత్‌కు 2024 జూలై చివరలో తెలిసింది. చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ రాన్‌సమ్‌వేర్ బారిన పడటంతో, నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ జూలై 31న దాన్ని చెల్లింపుల వ్యవస్థ నుంచి తాత్కాలికంగా వేరుచేసింది. దేశంలో సుమారు 300 చిన్న బ్యాంకుల లావాదేవీలు నిలిచాయి. గుజరాత్ జిల్లా సహకార బ్యాంకులు కూడా వాటిలో ఉన్నాయి. మరుసటి రోజే సేవలు తిరిగి మొదలయ్యాయి. దాడి జరిగింది ఒక్కచోటే అయినా, దెబ్బ మాత్రం వందల బ్యాంకులకు తగిలింది.

దాడికి ముందు ఎంత వ్యవధి ఉంటుందో హైదరాబాద్ ఉదంతం చెబుతుంది. 2022 జనవరిలో ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా కొల్లగొట్టారు. అది హైపర్‌వైజర్‌పై దాడి కాదు. కానీ పోలీసుల దర్యాప్తులో తేలిన కాలక్రమం గమనించదగ్గది. బ్యాంకు ఉద్యోగులకు మోసపూరిత ఈమెయిళ్లు 2021 నవంబర్‌లోనే వచ్చాయి. డబ్బు పోయింది జనవరి చివర్లో, ఒక ఆదివారం. మధ్యలో రెండు నెలలకు పైగా గడిచాయి. ఇంత సమయం చేతిలో ఉండి కూడా, లోపల ఎవరో తిరుగుతున్నారన్న సంగతి తెలియలేదు.

రెక్కీ చేసేవాడు ఏం చూస్తాడు?

రెక్కీ రెండు దశల్లో జరుగుతుంది. మొదటిది బయటి నుంచి. దాడి చేసేవారు ఇంటర్నెట్‌పై లక్షల చిరునామాలను యంత్రాలతో తడుతూ, ఏది తలుపు తెరుస్తుందో చూస్తారు. హైపర్‌వైజర్‌కు కొన్ని ప్రత్యేక ‘పోర్టులు’ ఉంటాయి. వెబ్ నిర్వహణకు 443, వర్చువల్ మెషీన్ల తెరలు చూడటానికి 902, దూరం నుంచి ఆదేశాలు ఇవ్వడానికి 22. ఇవి మూడూ ఒకేచోట బదులిస్తే లోపల ఏ యంత్రం ఉందో ఊహించడం కష్టం కాదు. ఆ తర్వాత పాస్‌వర్డ్ ఊహించే ప్రయత్నాలు మొదలవుతాయి.

రెండో దశ లోపలికి వచ్చాక. ఎక్కడో దొంగిలించిన పాస్‌వర్డ్‌తో ఒకడు ఈఎస్‌ఎక్స్ఐ ఆదేశాల తెరలోకి, అంటే ‘షెల్’లోకి చేరాడనుకుందాం. చీకట్లో కొత్త ఇంట్లోకి దిగినవాడిలా అతడికి ముందు దారి తెలియాలి. అందుకే అతడి మొదటి ఆదేశాలు దాదాపు ఎప్పుడూ ప్రశ్నలే అయి ఉంటాయి.

ఇది ఏ వెర్షన్? ఇందులో ఎన్ని వర్చువల్ మెషీన్లు ఉన్నాయి, ప్రస్తుతం ఏవి నడుస్తున్నాయి? డిస్కులు ఎక్కడ, ఎంత పెద్దవి? నెట్‌వర్క్ ఎటు వెళ్తోంది, పక్కన ఇంకే సర్వర్లున్నాయి? ఖాతాలు ఎవరెవరివి, ఎవరికి ఏ అధికారం ఉంది? లాగ్‌లు ఎక్కడికి వెళ్తున్నాయి?

వీటికి బయటి నుంచి ఏ పరికరమూ తెచ్చుకోనక్కర్లేదు. ఈఎస్‌ఎక్స్ఐలోనే ఉండే రెండు నిర్వహణ పరికరాలు, ‘ఈఎస్‌ఎక్స్‌సీఎల్ఐ’, ‘విమ్-సీఎండీ’, ఈ సమాధానాలన్నీ ఇస్తాయి. నిర్వాహకుడు రోజూ వాడేవీ ఇవే. వైరస్ ఫైలు ఏదీ లేదు కాబట్టి వైరస్ వేటలో ఇది దొరకదు.

సైబర్ దాడుల పద్ధతులను వర్గీకరించే ‘మైటర్ అటాక్’ అనే అంతర్జాతీయ పట్టిక 2025 ఏప్రిల్‌లో ఈఎస్‌ఎక్స్ఐని ఒక ప్రత్యేక వేదికగా చేర్చింది. వర్చువల్ మెషీన్ల జాబితా తీయడాన్ని అందులో విడిగా ఒక పద్ధతిగా నమోదు చేశారు. ముఠాలు ఈ పని ఎంత తరచుగా చేస్తున్నాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

కాపలాదారు పుస్తకాలు

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కాపలాదారు ఒక రిజిస్టర్ రాస్తాడు. ఎవరు వచ్చారు, ఎన్ని గంటలకు, ఏ ఫ్లాటుకు అన్నవి అందులో ఉంటాయి. సర్వర్ లాగ్ కూడా అంతే. 1980లలో అమెరికాలోని బర్కిలీలో ఎరిక్ ఆల్మన్ తన ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ ‘సెండ్‌మెయిల్’ కోసం ‘సిస్‌లాగ్’ అనే పద్ధతిని రూపొందించారు. ప్రతి యంత్రమూ తనలో జరిగినదాన్ని ఒక్కో వరుసగా రాసి, కావాలంటే ఆ వరుసను నెట్‌వర్క్ ద్వారా ఇంకో యంత్రానికి పంపించే ఏర్పాటు అది. కాలక్రమంలో అదే ఉమ్మడి పద్ధతిగా స్థిరపడింది. ఈఎస్‌ఎక్స్ఐ కూడా ఇదే భాష మాట్లాడుతుంది.

ఈఎస్‌ఎక్స్ఐలో ఒకే పుస్తకం ఉండదు. ఎవరు లోపలికి రావడానికి ప్రయత్నించారు, ఎవరు నెగ్గారు అన్నది ‘ఆథ్’ లాగ్‌లో ఉంటుంది. షెల్‌లో టైపు చేసిన ఆదేశాలు ‘షెల్’ లాగ్‌లో చేరతాయి. వెబ్ తెర నుంచో, ఇతర నిర్వహణ సాఫ్ట్‌వేర్ నుంచో చేసిన పనులు ‘హోస్ట్‌డీ’ లాగ్‌లో కనిపిస్తాయి. దూరం నుంచి ఆదేశాలిచ్చే ఎస్‌ఎస్‌హెచ్ సేవను ఎవరైనా తెరిచినా, పదేపదే తప్పు పాస్‌వర్డ్ వల్ల ఖాతాకు తాళం పడినా ‘వీఓబీడీ’ అనే మరో లాగ్ చెబుతుంది. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చదివితేనే కథ పూర్తవుతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. సిస్‌లాగ్ ప్రతి వరుసకూ 0 నుంచి 7 వరకు ఒక తీవ్రత సంఖ్య ఇస్తుంది. 0 అంటే అత్యవసరం, 3 అంటే పొరపాటు, 6 అంటే కేవలం సమాచారం. ‘మెషీన్ల జాబితా చూపించు’ అన్న ఆదేశం విజయవంతంగా పూర్తయితే యంత్రం దృష్టిలో అందులో పొరపాటేమీ లేదు. కాబట్టి రెక్కీ జాడలు సాధారణంగా ‘సమాచారం’ కిందే నమోదవుతాయి. ఎర్ర గుర్తు ఉన్న వరుసలు మాత్రమే చూసే కార్యాలయంలో దొంగ ప్రశ్నలు ఎవరి కంటా పడవు.

నిర్వాహకుడా, దొంగా?

మరి ఒకే ఆదేశాన్ని ఇద్దరూ వాడితే తేడా ఎలా తెలుస్తుంది? 1987లో డొరొతీ డెనింగ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీనికి ఒక దారి చూపారు. ప్రతి వాడుకదారుకూ ఒక అలవాటు ఉంటుంది. ఏ సమయంలో వస్తాడు, ఎక్కడి నుంచి వస్తాడు, ఏ పనులు ఎంత తరచుగా చేస్తాడు అన్నవి లెక్కగట్టి పెట్టుకుంటే, ఆ అలవాటు నుంచి పక్కకు జరిగినప్పుడు గుర్తించవచ్చు. నేటి చొరబాటు గుర్తింపు వ్యవస్థలకు పునాదుల్లో ఇదొకటి.

వినడానికి తేలికే కానీ, ఇక్కడ సంభావ్యత ఒక చిక్కు తెస్తుంది. ఒక సంస్థ సర్వర్లు రోజుకు 5 లక్షల లాగ్ వరుసలు రాస్తాయనుకుందాం. వాటిలో నిజమైన రెక్కీ వరుసలు 10. అనుమానాస్పద వరుసలను పట్టే ఒక నియమం చాలా మంచిదని, వెయ్యికి ఒక్కసారే పొరబడుతుందని అనుకుందాం. అయినా రోజుకు దాదాపు 500 తప్పుడు హెచ్చరికలు వస్తాయి. నిజమైన పదీ దొరికినా, మొత్తం 510 హెచ్చరికల్లో నిజమైనవి 2 శాతమే. వారం తిరిగేసరికి చూసేవారు విసిగిపోతారు. ‘నాన్నా పులి’ కథలో జరిగింది ఇదే.

దీనికి విరుగుడు, విడి వరుసలను వదిలి వరుసల కూడికను చూడటం. ఉదాహరణకు మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. వచ్చిన చిరునామా కొత్తదా? సమయం పని గంటల బయట ఉందా? పది నిమిషాల్లోపు వెర్షన్, మెషీన్లు, డిస్కులు, ఖాతాలు అన్నిటినీ ఒకరే అడిగారా? మామూలు లాగిన్లలో మొదటిది వందలో ఒకటి, రెండోది ఇరవైలో ఒకటి, మూడోది యాభైలో ఒకటి అనుకుంటే, మూడూ యాదృచ్ఛికంగా కలిసే అవకాశం లక్షలో ఒకటి. తప్పుడు హెచ్చరికలు చేతిలో పట్టేంత తగ్గుతాయి. నిజ జీవితంలో ఈ అంశాలు పూర్తిగా స్వతంత్రమైనవి కావు. ఊరికి వెళ్లిన నిర్వాహకుడు అర్ధరాత్రి కొత్త చోటు నుంచే లాగిన్ అవుతాడు. అయినా ఒక ఫోన్ కాల్‌తో తేలిపోయే అనుమానాలు రోజుకు ఒకటి రెండు రావడం వేరు, ఐదువందలు రావడం వేరు.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. దీపావళికి సూరత్ బట్టల మార్కెట్లు మూతపడతాయి. లాభ పంచమి దాకా చాలా మిల్లుల్లో పని ఉండదు. పనివారు సొంత ఊళ్లకు వెళ్తారు. ఆ సెలవుల్లో ఒక మిల్లు సర్వర్ లాగ్‌లో ఈ క్రమం కనిపించిందనుకోండి.

రాత్రి 1:12. ‘రూట్’ ఖాతాకు నాలుగు తప్పు పాస్‌వర్డ్‌లు, ఐదోసారి సరైనది.
1:14. ఎప్పుడూ ఆపి ఉండే ఎస్‌ఎస్‌హెచ్ సేవను తెరిచారు.
1:16. షెల్‌లోకి ప్రవేశం. వెర్షన్ అడిగారు.
1:17. నడుస్తున్న వర్చువల్ మెషీన్ల జాబితా తీశారు.
1:19. డిస్కుల జాబితా, ఖాతాల జాబితా తీశారు.
1:23. లాగ్‌లు ఎక్కడికి వెళ్తున్నాయో చూశారు.

వీటిలో ఏ ఒక్క వరుసా నేరం కాదు. పాస్‌వర్డ్ తప్పు కొట్టడం ఎవరికైనా జరిగేదే. కానీ ఆరూ ఒకదాని వెంట ఒకటి, పన్నెండు నిమిషాల్లో, సెలవు రాత్రి వస్తే అర్థం మారిపోతుంది. 1:19కే హెచ్చరిక మోగి, ఎవరైనా ఆ సర్వర్‌ను నెట్‌వర్క్ నుంచి వేరుచేస్తే, ఇంకా ఒక్క ఫైలూ పోలేదు. ఇదే హెచ్చరికను లాభ పంచమి తర్వాత తీరిగ్గా చదివితే అది పోలీసు ఫిర్యాదుకు జతచేసే కాగితంగానే మిగులుతుంది.

పక్క యంత్రంలో కనిపించే జాడ

కొన్నిసార్లు ముందస్తు సంకేతం హైపర్‌వైజర్ లాగ్‌లో కాకుండా ఇంకోచోట ఉంటుంది. 2024 జూలై 29న మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఒక లోపాన్ని వివరించారు. చాలా సంస్థల్లో ఉద్యోగుల ఖాతాలన్నీ ‘యాక్టివ్ డైరెక్టరీ’ అనే కేంద్ర పట్టికలో ఉంటాయి. ఈఎస్‌ఎక్స్ఐ సర్వర్‌ను దానికి కలిపినప్పుడు, ఆ పట్టికలో ‘ఈఎస్‌ఎక్స్ అడ్మిన్స్’ పేరుతో ఒక బృందం ఉంటే, అందులోని వారందరికీ సర్వర్ పూర్తి అధికారం ఇచ్చేసేది. ఆ బృందాన్ని ఎవరు, ఎప్పుడు సృష్టించారని అడిగేది కాదు. ముఠాలు ఆ పేరుతో కొత్త బృందం పెట్టి, తమ ఖాతాను అందులో చేర్చి, దర్జాగా లోపలికి నడిచాయి. అకీరా, బ్లాక్ బాస్టా వంటి రాన్‌సమ్‌వేర్‌లను ప్రయోగించే ముందు ఈ మార్గం వాడారని మైక్రోసాఫ్ట్ తెలిపింది.

ఈఎస్‌ఎక్స్ఐ లాగ్‌లో ఇది అధికారం ఉన్న వ్యక్తి లాగిన్‌లాగే కనిపిస్తుంది. కానీ అంతకుముందే డైరెక్టరీ లాగ్‌లో ‘కొత్త బృందం ఏర్పడింది’, ‘ఒక సభ్యుడు చేరాడు’ అని రెండు వరుసలు ఉంటాయి. రెండు యంత్రాల పుస్తకాలు ఒకేచోట చేరితేనే ఈ రెండింటి బంధం కనబడుతుంది.

పుస్తకం దొంగకు అందని చోట ఉండాలి

లాగ్‌లకు ఒక సహజ బలహీనత ఉంది. అవి రాసే యంత్రంలోనే ఉంటే, ఆ యంత్రాన్ని వశం చేసుకున్నవాడు వాటిని చెరిపేయగలడు. పైగా కొన్ని ఈఎస్‌ఎక్స్ఐ సర్వర్లలో, ముఖ్యంగా చిన్న పెన్‌డ్రైవ్ లేదా ఎస్‌డీ కార్డు నుంచి నడిచే వాటిలో, లాగ్‌లు తాత్కాలిక మెమరీలోనే ఉండిపోవచ్చు. అలాంటి సర్వర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేస్తే చాలు, పాత లాగ్‌లు పోతాయి. దాడి జరిగిందని కంగారుపడి సర్వర్‌ను రీస్టార్ట్ చేసిన ఉద్యోగే తెలియక సాక్ష్యాన్ని తుడిచేసే ప్రమాదం ఉంది.

ఈ పాఠం నాలుగు దశాబ్దాల నాటిది. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్ల తేడా గమనించాడు. అంత చిన్న తేడాను వదిలేయకుండా తవ్వుకుంటూ వెళ్తే ఎవరో చొరబాటుదారు వస్తున్నట్టు తేలింది. స్టోల్ ప్రయోగశాలకు వచ్చే ఫోన్ లైన్లకు ప్రింటర్లు తగిలించి, చొరబాటుదారు టైపు చేసే ప్రతి అక్షరాన్నీ కాగితంపైకి ఎక్కించాడు. కంప్యూటర్ లోపల ఎంత వెతికినా ఆ ప్రింటర్లు చొరబాటుదారుకు కనిపించవు. నెలల తరబడి సాగిన ఆ వేట చివరకు జర్మనీలోని హనోవర్ నగరానికి చేరింది.

నేటి ప్రింటర్ స్థానంలో కేంద్ర లాగ్ సర్వర్ ఉంది. ఈఎస్‌ఎక్స్ఐ ఒక వరుస రాయగానే దాని నకలు వేరే యంత్రానికి వెళ్తుంది. ఆ యంత్రానికి వేరే పాస్‌వర్డ్ ఉండాలి, దాని లాగ్‌లను హైపర్‌వైజర్ నిర్వాహకుడి ఖాతా కూడా చెరపలేకుండా ఉండాలి. అప్పుడు మౌనం కూడా ఒక సంకేతం అవుతుంది. నిమిషానికి పది వరుసలు పంపే సర్వర్ ఒక్కసారిగా పావుగంట పాటు ఏమీ పంపకపోతే, కరెంటైనా పోయి ఉండాలి, లేదా లోపల ఎవరో లాగ్ పంపడాన్ని ఆపి ఉండాలి. రెండూ వెంటనే చూడవలసినవే.

గడియారం కూడా ముఖ్యమే. ఒక యంత్రం పది నిమిషాలు ముందు, ఇంకోటి ఐదు నిమిషాలు వెనుక ఉంటే, ఏది ముందు జరిగిందో ఎవరూ చెప్పలేరు. భారత కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో ఈ అంశాలన్నీ ఉన్నాయి. సంస్థలు తమ గడియారాలను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ లేదా నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ సమయంతో సరిచూసుకోవాలి. లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. సైబర్ ఘటన గుర్తించిన 6 గంటల్లోపు సమాచారం ఇవ్వాలి. మహేశ్ బ్యాంకు ఉదంతంలో మొదటి ఈమెయిల్‌కూ చోరీకీ మధ్య గడిచిన కాలాన్ని తలచుకుంటే, నెల రోజుల లాగ్‌లు సరిపోవని, 180 రోజులు ఎందుకు అవసరమో అర్థమవుతుంది.

చిన్న సంస్థ ఏం చేయగలదు?

ఇదంతా పెద్ద కంపెనీల వ్యవహారమని, ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేకపోతే కుదరదని అనుకోనక్కర్లేదు. వారానికి రెండుసార్లు వచ్చే ఐటీ కుర్రాడు మాత్రమే ఉన్న మిల్లు కూడా కొన్ని పనులు చేయగలదు.

మొదటిది, హైపర్‌వైజర్ నిర్వహణ తెరను ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచకూడదు. ఈఎస్‌ఎక్స్ఐ ఆర్గ్స్ వంటి సామూహిక దాడులు వెతికేది అలాంటి తలుపులనే. రెండోది, ఎస్‌ఎస్‌హెచ్‌ను ఆపే ఉంచాలి. ఈఎస్‌ఎక్స్ఐలో అది మామూలుగా ఆపే ఉంటుంది. ఎప్పుడూ ఆపి ఉన్న తలుపు తెరుచుకోవడమే మంచి హెచ్చరిక. ఎప్పుడూ తెరిచే ఉన్న తలుపు ఏమీ చెప్పదు. మూడోది, అందరూ ఒకే ‘రూట్’ పాస్‌వర్డ్ పంచుకోకుండా ఎవరి ఖాతా వారికి ఇవ్వాలి. లేకపోతే లాగ్‌లో పేరు ఉంటుంది కానీ మనిషి ఎవరో తెలియదు. నాలుగోది, లాగ్‌లను వేరే యంత్రానికి పంపాలి. ఉచితంగా దొరికే సిస్‌లాగ్ సాఫ్ట్‌వేర్‌తో ఒక పాత కంప్యూటర్‌ను కూడా ఇందుకు వాడుకోవచ్చు. ఐదోది, సెలవులకు ముందు హెచ్చరిక ఎవరి ఫోన్‌కు వెళ్లాలో, అర్ధరాత్రి సర్వర్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీసే అధికారం ఎవరికుందో పేరుతో సహా రాసిపెట్టుకోవాలి. యజమాని అనుమతి కోసం తెల్లారేదాకా ఎదురుచూస్తే హెచ్చరిక ఉన్నా లేనట్టే.

లాగ్‌లతో అన్నీ దొరకవు. నెమ్మదిగా, రోజుకో ప్రశ్న చొప్పున, పని గంటల్లోనే అడిగే ఓపికగల చొరబాటుదారు కూడికల లెక్కకు చిక్కకపోవచ్చు. కొత్త లోపాన్ని వాడినవాడు షెల్‌లోకి రాకుండానే పని ముగించవచ్చు. అందుకే మరమ్మతులు, నెట్‌వర్క్‌కు తగలని బ్యాకప్‌లు ఎప్పటికీ అవసరమే. లాగ్‌లు ఇచ్చేది సమయం మాత్రమే.

సమయం విలువ సూరత్‌కు బాగా తెలుసు. 2006 ఆగస్టులో ఎగువన సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని ఉకాయ్ ఆనకట్ట నుంచి వదిలిన తాపీ వరదలో నగరంలో చాలా భాగం మునిగింది. ఆ తర్వాత ఎగువ వానలను, నదిలోకి వచ్చే నీటిని ముందుగా లెక్కించి హెచ్చరించే ఏర్పాట్లపై నగరం శ్రద్ధ పెట్టింది. వరద నగరానికి చేరాక కొలబద్దతో పనిలేదు, ఎగువన ఉన్న కొలబద్దే ప్రాణాలు కాపాడుతుంది. సర్వర్ లాగ్‌లో అర్ధరాత్రి కనిపించే ఆ మామూలు ప్రశ్నలు కూడా ఎగువన కురిసిన వానే. వాటిని చదివే మనిషి ఉంటే, దీపావళి తర్వాత తిరిగొచ్చిన నేత కార్మికుడికి కూలీ లెక్క ఎక్కడ ఆపిందో అక్కడే దొరుకుతుంది.